గంట మీద చెక్కిన గురువారం

కొత్తగా హిస్టరీ లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. రిటైరై చాలా ఏళ్ళయినా ఎవరో ఒకరు నా పేరు చెప్పి పంపిస్తారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే గోల. "క్లాసులో ఎవరూ ఫోన్లోంచి తలెత్తడం లేదు మేడం, ఏం చెయ్యమంటారు?" నేనేం చెప్పను? మా రోజుల్లో ఫోన్లు లేవు కాబట్టి కిటికీలోంచి చూసేవాళ్ళు. చరిత్ర పాఠం వినకుండా ఉండటానికి మన పిల్లలకు ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. దానికి బెంగపడకండి.

బెంగపడాల్సింది వేరే ఉంది. మనం చెప్పేది వినేవాళ్ళ గురించి. విని, నమ్మి, ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళ గురించి. ఈ ఉద్యోగం రేపల్లెలో మొదలుపెట్టి, ఎక్కువ కాలం బాపట్లలో చేసి, తెనాలిలో ముగించాను. ప్రమోషన్లు, బదిలీలు, ఏ ప్రిన్సిపాల్ నా ఫైలు ఎన్నాళ్ళు తొక్కిపెట్టాడన్న కథలు ఇక్కడ రాయను. అవి విని ఎవరూ బాగుపడలేదు. నా నోటిదురుసువల్ల, నాకు అన్నీ తెలుసన్న ధీమావల్ల ఒక మనిషికి జరిగిన నష్టం గురించి రాస్తాను. అది చదివాక మీకు ఈ ఉద్యోగం చెయ్యాలనిపిస్తే చెయ్యండి.

రేపల్లెలో వేసిన సున్నా

ముందు చిన్న తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన ఏడాది నేను తయారుచేసిన మొదటి పరీక్ష పేపరులో ఒక ప్రశ్న ఇచ్చాను: "మానవ చరిత్రను మలుపు తిప్పిన మూడు సంఘటనలను వివరింపుము." నాకు కావలసిన జవాబు మీరూ ఊహించగలరు. యూరప్‌లో అచ్చుయంత్రం, క్రైస్తవంలో సంస్కరణోద్యమం, ఫ్రెంచి విప్లవం. అంటే ఒక యంత్రం, ఒక మతం, ఒక రాజకీయం. నోట్సులో అన్నీ ఇచ్చాను. క్లాసు మొత్తం అవే రాసింది, నేను బోర్డు మీద చేసిన అక్షర దోషాలతో సహా.

సముద్రం వైపు పల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం వేరేగా రాసింది. ఒకటి, ఉప్పెన. రెండు, మా ఊరికి కరెంటు రావడం. మూడు, మా గుడికి మైకు పెట్టడం. మైకు పెట్టాక పూజారి గారి మంత్రాలు మా వీధి దాకా వినిపించాయి, అంతకుముందు మాకు ఆ మంత్రాలు ఎలా ఉంటాయో తెలియదు, అని రాసింది.

నాకు ఒళ్ళు మండింది. సున్నా వేసి, పక్కన ఎర్రసిరాతో "ప్రశ్న అర్థం చేసుకుని రాయాలి" అని రాశాను. మర్నాడు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆయన లెక్కల మనిషి, మాటలు కూడా లెక్కగానే మాట్లాడేవారు.

"సున్నా ఎందుకేశావమ్మాయ్?"

"చరిత్ర రాయమంటే వాళ్ళ ఊరి కబుర్లు రాసిందండి."

"ఉప్పెన కబురా?"

"సిలబస్‌లో లేదండి."

"ఆ పిల్ల అమ్మానాన్నా ఇద్దరూ అందులోనే పోయారు. మేనమామ దగ్గరుండి చదువుకుంటోంది. చరిత్ర మలుపు తిరగడమంటే ఏంటో నీకంటే తనకే బాగా తెలుసేమో చూడు."

నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి మార్కులు వేశాను. ఆ అమ్మాయిని పిలిచి నాలుగు మంచి మాటలు కూడా చెప్పాను. అంతటితో గుణపాఠం నేర్చేసుకున్నాననుకున్నాను. నిజానికి మార్కులు దిద్దాను గానీ నా బుర్ర దిద్దుకోలేదు. బాపట్ల చేరేసరికి మళ్ళీ మామూలే.

బాపట్లలో నా వైభవం

బాపట్లలో నాకు మంచి పేరొచ్చింది. శాసనాలు చదవగలదని, పాత లిపి తెలుసని చెప్పుకునేవారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పునాది తవ్వినా, రాయి బయటపడితే నన్ను పిలిచేవారు. కారు పంపేవారు, టిఫిన్ పెట్టేవారు, వెళ్ళేటప్పుడు తాంబూలంలో జాకెట్టు గుడ్డ పెట్టేవారు. అబద్ధమెందుకు, నాకది బాగానే ఉండేది.

ఒకరోజు వెంకటరత్నం గారని ఒకాయన వచ్చారు. బాపట్ల నుంచి చీరాల వెళ్ళే దారిలో ఒక నేతగాళ్ళ ఊరు ఆయనది. ఊరి పేరు రాయను. ఆయన షావుకారు. నేసేవాళ్ళకు నూలిచ్చి, చీరలు నేయించుకుని అమ్ముకునేవారు. ఊళ్ళో సగం మగ్గాలు ఆయన నూలు మీదే ఆడేవి. ఆయన కూతురు నా స్టూడెంటు.

"మా రామాలయం బాగుచేయిస్తున్నామండి. కరెంటు గంట తెప్పించాం. స్విచ్చేస్తే చాలు, డోలూ గంటా అన్నీ అవే మోగుతాయి. మనిషక్కర్లేదు. దాంతో పాత గంట దించేశాం. దాని మీద ఏవో అక్షరాలున్నయ్. నిజంగా పాతదైతే అద్దాల పెట్టెలో పెట్టిద్దాం, కాకపోతే కరిగించి వేరే పనికి వాడదాం. మీరొకసారి చూసి చెప్పండి."

ఆదివారం పొద్దున వెళ్ళాను. రామాలయం అరుగు మీద పాత చీర పరిచి గంట పెట్టారు. పెద్దదే, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. అంచు చుట్టూ ఒక వరుస అక్షరాలు. చింతపండుతో తోమించి చదివాను: "నందన నామ సం॥ర చైత్ర శు॥ ౯ గురువారం మాణిక్యమ్మ సమర్పణ." తొమ్మిది తెలుగు అంకెలో ఉంది. సమర్పణ అన్న మాటలో 'ర్ప' రాయకుండా, 'ప' పక్కన రకారానికి గుర్తుగా వలపలగిలక పెట్టారు. అది పూర్వకాలపు రాత.

ఇక్కడ కొంచెం ఆగి, పంచాంగం చూడటం అలవాటు లేని పిల్లల కోసం చెప్పాలి. మన సంవత్సరాలకు పేర్లే గానీ వరస అంకె ఉండదు. పేర్లు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో పూర్తయి మళ్ళీ ప్రభవ వస్తుంది. అంటే ఒట్టి "నందన" అని చెక్కి ఊరుకుంటే అది ఏ నందనో తెలియదు. స్వాతంత్ర్యం వచ్చాక, మొదటి ఎన్నికల్లో ఓట్లేసిన వెంటనే వచ్చిన ఉగాదితో ఒక నందన మొదలైంది. దానికి సరిగ్గా అరవై ఏళ్ళ ముందు, తెల్లదొరల రోజుల్లో ఇంకో నందన ఉంది. ఈ గంట ఏ నందనది? నన్ను పిలిచిందే అది తేల్చడానికి.

నేను పావుగంటలో తేల్చేశాను. తెలుగు అంకె, వలపలగిలక, పైగా ఇంటిపేరు లేదు, భర్త పేరు లేదు. ఇంటిపేరు చెప్పక్కర్లేనంత పేరున్న పెద్దింటి ఆడమనిషి అయ్యుండాలి. "ఇది మొదటి నందన. నూరేళ్ళు దాటిన గంట" అన్నాను. అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారిగా "అబ్బా!" అన్నారు. ఏ ఊరికైనా తమ గుడి పాతదంటే ఆనందం. నాకూ ఆనందమే. నలభై చిల్లర ఏళ్ళ గంట గురించి వ్యాసం రాస్తే ఎవరు వేసుకుంటారు?

కోటమ్మ మాట

అప్పుడు ఆడవాళ్ళ గుంపులోంచి ఒకావిడ ముందుకొచ్చింది. యాభై దాటి ఉంటాయి. కొంగు నడుముకు దోపుకుని, చేతులకు రంగు మరకలతో మగ్గం దగ్గర్నుంచి నేరుగా వచ్చినట్టుంది. పేరు కోటమ్మ.

"అది మా అమ్మ చేయించిన గంటండి. మాణిక్యమ్మంటే మా అమ్మే."

"ఎప్పుడు చేయించిందమ్మా?" అన్నాను.

"ఓట్లొచ్చినప్పుడండి. నేను రెండో తరగతి. అప్పటిదాకా మా అమ్మని ఎవరూ పేరు పెట్టి పిలవలేదంట. సుబ్బయ్య పెళ్ళాం, కోటమ్మ తల్లి, అంతే. ఓటెయ్యడానికెళ్తే కాయితం చూసి ఆఫీసరు 'మాణిక్యమ్మా' అని గట్టిగా పిలిచాడంట, ఊరందరి ముందూ. ఇంటికొచ్చి మురిసిపోయింది. నా పేరు గవర్నమెంటోళ్ళ పుస్తకంలో ఉంది, రాముడి దగ్గర కూడా ఉండాలని, పుట్టింటోళ్ళు పెట్టిన ఇత్తడి బిందెలు రెండూ, గుండిగా ఇచ్చేసి గంట పోయించింది. ఆ బిందెలు బండెక్కించడం నేను చూశానండి, ఈ కళ్ళతో."

"మరి మీ నాన్నగారి పేరు లేదే దీని మీద?"

కోటమ్మ నావైపు, ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "మొగుడి పేరు నోటితో చెప్పకూడదు గదండి. చెక్కే ఆయన ఇంకేం రాయమంటావమ్మా అంటే, ఇంతే రాయండి చాలు అందంట."

పిల్లలూ, ఈ ముక్క మళ్ళీ చదవండి. శాసనంలో ఏది ఎందుకు లేదో, ఇంత శుభ్రంగా చెప్పిన సాక్షి నా ఉద్యోగం మొత్తంలో ఇంకొకరు దొరకలేదు. మగని పేరు పలకని ఆడది తన పేరు ఒక్కటే చెక్కించుకుంది. అందులో మతమూ ఉంది, ఓటు హక్కూ ఉంది. ఆ రెండూ కలిసి ఒక మనిషి బతుకును ఎక్కడ తిప్పాయో కోటమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. నా చేతిలో పుస్తకం ఉంది, పెన్ను ఉంది. నేను రాసుకోలేదు.

రాసుకోకపోతే పోయె, నోరు మూసుకోవచ్చు గదా. మూసుకోలేదు. "అమ్మా, ఈ గంట చేసేనాటికి మీ అమ్మగారు పుట్టి కూడా ఉండరు" అన్నాను నవ్వుతూ. నేను నవ్వితే అరుగంతా నవ్వింది. ఓ ముసలాయన, "మా చిన్నప్పుడే కట్టారనుకుంటానమ్మా గంట" అని నసిగాడు. "దించి మళ్ళీ కట్టి ఉంటారు తాతగారూ" అని ఆయన నోరూ మూయించాను. ఆయన వెంకటరత్నం గారి మొహం చూసి ఊరుకున్నాడు. నూలిచ్చేది షావుకారు గారాయె.

కోటమ్మ మాత్రం కదల్లేదు. "బిందెలు నేను చూశానండి" అంది మళ్ళీ.

అప్పుడు నేనన్న మాట ఇది. "చిన్నప్పుడు అమ్మ చెప్పగా చెప్పగా విని, మనమే చూసినట్టు అనిపిస్తుందమ్మా. మనసు అలాంటిది." చాలా మెత్తగా, ఎంతో దయ చూపిస్తున్నట్టు అన్నాను. ఇవాళ్టికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కోటమ్మ వెళ్ళిపోయింది. వెంకటరత్నం గారు "మా ముత్తాత తల్లి పేరు కూడా మాణిక్యమ్మేనంటారండి మా ఇంట్లో" అన్నారు. ఆయన అబద్ధమాడుతున్నారని నేను ఇప్పటికీ అనను. మాణిక్యమ్మలు ఏ ఊళ్ళో లేరు? ఆ నెలలోనే గంట అద్దాల పెట్టెలోకి చేరింది. కింద పాలరాతి పలక మీద, షావుకారు వంశపు మాణిక్యమ్మ గారు నూరేళ్ళ క్రితం సమర్పించిన గంట అని చెక్కించారు. నేను ఒక మాసపత్రికకు వ్యాసం రాశాను. దానికి నాకు రెండు చోట్ల సన్మానం జరిగింది.

గురువారం సంగతి చెప్పలేదు కదూ. గంట మీద వారం ఉంది. ఏ నందనలో చైత్ర శుద్ధ నవమి గురువారం వచ్చిందో పాత పంచాంగాలు తిరగేస్తే తేలిపోయేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎం.ఏ. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. పాత పంచాంగాల కోసం ఊళ్ళు తిరగాలి, ఎండాకాలం, పైగా పంచాంగానికీ పంచాంగానికీ ఒక రోజు తేడా మామూలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నమ్మకం కుదిరాక పరీక్ష పెట్టుకోబుద్ధి కాదు. మన వృత్తిలో పెద్ద జబ్బు అదే.

షష్టిపూర్తి

పధ్నాలుగేళ్ళు గడిచాయి. తెనాలికి బదిలీ అయింది, రిటైర్మెంటు దగ్గరపడింది. మా కాలేజీ లైబ్రేరియన్ రాజ్యలక్ష్మి తన భర్త సీతారామయ్య గారి షష్టిపూర్తికి పిలిచింది. శ్రీరామనవమి నాడే. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. జోకులేస్తే బస్సంతా నవ్వించేవారట.

షష్టిపూర్తి అంటే మీకు తెలుసు. పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ తిరిగి రావడం. పురోహితుడు సంకల్పంలో "నందన నామ సంవత్సరే" అన్నా నాకు ఏమీ తట్టలేదు. ఆ ఏడాది నందన అని ఉగాది రోజు నుంచీ వింటూనే ఉన్నాను. భోజనాల దగ్గర సీతారామయ్య గారు నా ఎదుట కూర్చున్నారు.

"నన్ను మా ఊళ్ళో సీతారామయ్య అంటే ఎవరూ గుర్తుపట్టరండి. గంటయ్య అనాలి" అన్నారు.

"అదేం పేరండీ?"

"మా రామాలయంలో గంట కట్టిన రోజున పుట్టానండి. మా నాన్నే బండిలో తీసుకెళ్ళి పోత పోయించుకొచ్చాడు. పైన కట్టి మొదటి దెబ్బ కొట్టారంట, ఇక్కడ మా అమ్మ నన్ను కనేసిందంట. మా నాయనమ్మ గంటయ్యా గంటయ్యా అనే పిలిచేది."

నేను చేతిలో ముద్ద ఆకులోనే వదిలేశాను. "ఏ ఊరండీ మీది?" అన్నాను. చెప్పారు. అదే ఊరు.

"గంట ఎవరిచ్చారు?"

"మాణిక్యమ్మ పిన్నండి. మా వీధే. కోటమ్మక్క వాళ్ళమ్మ. బిందెలూ గుండిగా ఇచ్చేసి, తర్వాత ఎన్నాళ్ళో కుండల్లో నీళ్ళు మోసుకుంది పాపం. చెక్కినాయనకి కళ్ళు సరిగ్గా ఆనేవి కావంట, డెబ్బై దాటిన మనిషంట. మా నాన్న పక్కన కూర్చుని ఒక్కో అక్షరం తప్పు పోకుండా చూశానని చెప్పేవాడు."

డెబ్బై దాటిన మనిషి. తాను చిన్నప్పుడు ఏ రాత నేర్చుకున్నాడో ఆ రాతే చెక్కాడు. లిపి చూసి నేను గంట వయసు చెప్పాననుకున్నాను. నిజానికి నేను చెప్పింది చెక్కినాయన వయసు. పాయసం వడ్డిస్తుంటే వద్దన్నాను. రాజ్యలక్ష్మి, "షుగరొచ్చిందా మేడం?" అని కంగారుపడింది.

మర్నాడు కాలేజీలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత తిథులు వెతికిపెట్టే ప్రోగ్రాములు అప్పటికి వచ్చేశాయి. మొదటి నందనలో నవమి బుధవారం. రెండో నందనలో గురువారం. రెండు నిమిషాలు పట్టింది. ఒక్క రోజు తేడా అని కొట్టిపారేసిన ఆ రోజే మొత్తం కథ. ఆ యంత్రాన్ని తిట్టుకోవాలో మొక్కాలో తెలియలేదు. యంత్రం లేనప్పుడు కూడా పంచాంగాలున్నాయి, నాకు కాళ్ళున్నాయి.

మీనమేషాలు

వెంటనే పరిగెత్తి వెళ్ళానని రాస్తే బాగుంటుంది. వెళ్ళలేదు. ఏడు నెలలు మీనమేషాలు లెక్కపెట్టాను. రిటైర్మెంటు సభ ఉంది, అందులో నా వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తామన్నారు, ఆ పుస్తకంలో మొదటి వ్యాసం ఈ గంట మీదే. ఎవరడుగుతారులే అనుకున్నాను. పాపం కోటమ్మ అసలుందో లేదో అనుకున్నాను. లేకపోతే బాగుండునని ఒకసారి మనసులో అనిపించింది కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా ఎందుకు?

చివరికి మావారితో చెప్పాను. ఆయన అంతా విని, "చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నీలాంటివాళ్ళని చూసే అని ఉంటారు" అన్నారు. తర్వాత లేచి చొక్కా వేసుకుని, "పద, నేనూ వస్తా" అన్నారు. నేనొక్కదాన్నే వెళతానన్నాను.

ముందు వెంకటరత్నం గారింటికి వెళ్ళాను. పెద్దవారైపోయారు. మర్యాదగానే విన్నారు. "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా కదిలించడం? పలక మీద పేరు మాణిక్యమ్మే గదా. ఏ మాణిక్యమ్మయితే ఏంటి?" అన్నారు. "నేను రాసిచ్చింది తప్పండి. తప్పని మళ్ళీ నేనే రాసిస్తాను, ఆ పత్రికలో కూడా వేయిస్తాను" అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. పలక మార్చడానికి ఆ తర్వాత రెండేళ్ళు పట్టింది. ఎన్ని ఉత్తరాలు, ఎన్ని పంచాయితీలు, ఎవరెవరు మాట్లాడటం మానేశారు అన్నదంతా ఇక్కడ అనవసరం. మారింది. నా పుస్తకంలోంచి వ్యాసం తీసేశాను. పత్రికవాళ్ళు నా సవరణను చివరి పేజీలో, ఎవరికీ కనిపించనంత చిన్న అక్షరాల్లో వేశారు. నా వ్యాసానికి మొదట నాలుగు పేజీలిచ్చారు.

కోటమ్మ గారింట్లో

షావుకారింటి నుంచి తిన్నగా కోటమ్మ గారింటికి నడిచాను. ఆ వీధి నాకు గుర్తున్నట్టు లేదు. చేనేత మగ్గాలు రెండో మూడో మిగిలాయి. మిగతా ఇళ్ళల్లో మరమగ్గాలు. ఒకటే రొద, పక్కనున్న మనిషి మాట పక్కనున్న మనిషికి వినిపించదు. ఆవిడ వసారాలో కూర్చుని కండెలు చుడుతోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేనేత గిట్టుబాటు కాక మరమగ్గాల షెడ్డులో పనికి వెళ్ళిందని, ఆ చప్పుడుకు చెవులు దెబ్బతిన్నాయని కోడలు చెప్పింది.

"ఎవరమ్మా మీరు?"

"బాపట్ల కాలేజీ నుంచి వచ్చి గంట చూశాను. గుర్తుందాండీ?"

రాట్నం ఆగింది. "ఎందుకు గుర్తుండదండి" అంది. కోడలి చేత కుర్చీ వేయించింది, మంచినీళ్ళిప్పించింది. నేను కుర్చీ జరిపి ఆవిడ పక్కన కింద కూర్చున్నాను. చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను. సీతారామయ్య గారి సంగతి, చెక్కినాయన సంగతి, గురువారం సంగతి. నేను చేసింది తప్పని, నలుగురి ముందు మిమ్మల్ని నవ్వులపాలు చేశానని, క్షమించమని అడిగాను.

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చానండి. మీ మీద కోపమొచ్చింది. రెండేళ్ళో మూడేళ్ళో మీ మాట అబద్ధమనే అనుకున్నా. తర్వాత్తర్వాత అనుమానమొచ్చింది. అంత చదువుకున్నావిడ, అక్షరాలు చదివి చెప్పింది. పేపర్లో కూడా వేశారంట. నేను చూస్తే అప్పటికి రెండో తరగతి పిల్లని. బిందెలు చూశాననే అనుకుంటున్నా గానీ, మీరన్నట్టు అమ్మ చెప్పగా విని చూసినట్టనిపించిందేమో. అలా అనుకుంటా ఉంటే అనుకుంటా ఉంటే, బిందెలు కనపడ్డం మానేశాయండి. కళ్ళు మూసుకున్నా కనపళ్ళేదు."

కోడలు ఏదో అనబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఎవరిదో గంట మీద తన పేరుందని మా అమ్మే గొప్పకి చెప్పుకుందేమో, నన్ను నమ్మించిందేమో అనుకున్నా. ఏటా నవమికి అమ్మ పేరు మీద పానకం పోసేదాన్ని, మానేశా. మనవరాలు ఒకరోజు, జేజమ్మా, గంట కథ చెప్పవే అంటే, అదంతా అబద్ధమే, మా అమ్మ అబద్ధాలకోరు అన్నానండి. నా నోటితో నేనే అన్నా."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నేను ఆ ఊరికి గంట వయసు తప్పు చెప్పాననుకుంటూ వచ్చాను. ఈమె నుంచి ఈమె తల్లిని లాక్కుపోయానని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"అయితే మా అమ్మ నిజమే చెప్పిందంటారా?" అంది.

"నిజమేనండీ. మీ అమ్మగారు చెప్పింది నిజం, మీరు చూసింది నిజం. తప్పు చెప్పింది నేను."

పక్కింటి మగ్గం టకటకలాడుతోంది. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అంది.

నేను వీధంతా వినపడేలా అరిచాను. "మీ అమ్మ అబద్ధం చెప్పలేదు! బిందెలు బండెక్కించడం మీరు చూశారు! మీ కళ్ళతో మీరే చూశారు!"

పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరో మగ్గం ఆపారు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. కోటమ్మ గారు కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ఇందాకే వినపడిందండి" అంది మెల్లగా. "ఇంకోసారి చెప్పండి."

మళ్ళీ చెప్పాను.